మందు కొట్టని మనిషి

స్టాండులో ఉన్న గాజు గొట్టాలు ఒకదాని తర్వాత ఒకటి పసుపు రంగులోకి తిరుగుతున్నాయి. చివరి వరుసలో ఒక్కటి మాత్రం నీళ్ళలాగే ఉండిపోయింది.

శోభ దాన్ని కిటికీ వైపు ఎత్తి పట్టుకుంది. అడుగున లేత ఛాయ ఏదో ఉందనిపించింది, కళ్ళార్పి చూస్తే లేదు. రక్తంలో ఎంజైము సరిగ్గా ఉంటే ఈపాటికి నిమ్మపండు రంగు రావాలి. పురుగుమందు ఒంట్లోకి ఎక్కినవాళ్ళలో ఆ ఎంజైము తగ్గిపోతుంది, రంగు తేలదు. బీఎస్సీ మొదటి సంవత్సరం పిల్లకు ఈ ల్యాబులో ఎవరైనా విడమరిచి చెప్పింది అంతవరకే.

"సార్, ఇది రంగు వస్తలేదు."

శ్రీధర్ కంప్యూటర్ ముందునుంచి లేచి వచ్చాడు. ఈ రక్తాలు, ఈ గొట్టాలు అన్నీ అతని పీహెచ్‌డీ కోసమే. గొట్టం వైపు ఒకసారి, శోభ చేతి వైపు ఒకసారి చూశాడు.

"పిపెట్‌కి టిప్పు మార్చావా?"

"మార్చిన సార్."

"అన్నిట్లో రసాయనం వేసి దీనికి మర్చిపోయుంటావ్."

"ఏసిన సార్. దీనికే ముందు ఏసిన."

"జరుగు, నేను చేస్తా."

శోభ పక్కకు జరిగి కోటు జేబుల్లో చేతులు దూర్చుకుంది. అది ఎవరో పాత విద్యార్థి వదిలేసి వెళ్ళిన కోటు. చేతులు మణికట్టు దాటి వేలాడితే మడిచి కుట్టుకుంది. శ్రీధర్ కొత్త టిప్పు తొడిగి, ఊపిరి బిగబట్టి చుక్క చుక్కగా వదిలాడు. ఇద్దరూ నిలబడి చూశారు. గొట్టం తెల్లగానే ఉంది. మిషన్‌లో పెడితే వచ్చిన అంకె మిగతావాటిలో సగం కూడా లేదు.

అతను లేబుల్ తిప్పి చూశాడు. ముఖంలో బిగువు సడలింది.

"ఓస్, కంట్రోల్ గ్రూపుదా! మందు కొట్టనివాళ్ళది. వాళ్ళకి ఇంత తక్కువ రాదు. శాంపిల్ పాడైంది. దారిలో ఎండ తగిలి ఉంటుంది. తీసేద్దాం."

"పక్కవి మంచిగనే ఉన్నయి కద సార్? అన్ని ఒక్క ఐసు పెట్టెలనే తెచ్చినం."

ఆ మాట ఆమె అనుకోకుండానే వచ్చేసింది. సింకు దగ్గర గొట్టాలు కడుగుతున్న అటెండర్ యాకోబు నల్లా కట్టేశాడు.

"శుక్రవారం సుమలత మేడం హైదరాబాదు సదస్సులో దీని మీద మాట్లాడాలి," అన్నాడు శ్రీధర్, ఒక్కొక్క మాటే ఆపి ఆపి. "పాడైన శాంపిల్ ఒక్కటి ఉంచితే గ్రాఫంతా వంకరపోతుంది. అర్థమైందా?"

శోభ తలూపింది. కానీ చూపు లేబుల్ మీదే ఉంది. ఆ అక్షరం, ఆ నంబరు తను రాసినవే. అనంతగిరి దగ్గరి తమ తండాలో, బడి వరండాలో రక్తాలు తీసినరోజు ఆ చీటీ తనే అంటించింది. నరం దొరక్కపోతే మోచేతి మీది తెల్ల గాజులు పైకి నెట్టి పట్టుకున్నదీ తనే. గొట్టం మీద పేరు లేదు. పేరుతో తనకు పని కూడా లేదు. అది కమ్లి ఫూఫీ రక్తం, తండ్రి తోబుట్టువుది.

*

వరండా చివరికి వెళ్ళి ఫోన్ చేసింది. కమ్లి ఎత్తడానికి చాలాసేపు పట్టింది.

"ఏందే బిడ్డా, గీ యాళప్పుడు?"

"ఊకెనే ఫూఫీ. పానం మంచిగుందా?"

"నాకేమైంది? కండ్లే జర మసకమసకగున్నయ్. నోట్లె ఊకె నీళ్ళూరుతున్నయ్, తిన్నది సయిస్తలేదు. ఎండకు గట్లయితదని మీ మామ అంటుండు."

శోభ గోడకు ఆనుకుంది. "రేపు ఏడికన్న పోతున్నవా?"

"మిరపతోటకు. మందు కొట్టేది ఉంది కద."

"నువ్వు దూరంగుండు ఫూఫీ."

"దూరమే ఉంట. నేనేమన్న కొడతనా?"

ఫోన్ పెట్టేశాక కాసేపు అక్కడే నిలబడింది. లోపలికి వెళ్ళకుండా హాస్టల్‌కు పోవచ్చు. రేపు క్లాసులో కూర్చోవచ్చు. మొదటి సంవత్సరం పిల్లలెవ్వరికీ దొరకని చోటు ఇది. 'లంబాడీ భాష వచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా' అని సుమలత మేడం క్లాసులో అడిగినప్పుడు, ఎప్పుడూ ఎత్తని చెయ్యి ఎత్తినందుకు దొరికింది. ఆ రోజు నుంచి తోటిపిల్లలు తనను ల్యాబు శోభ అంటున్నారు.

ఆమె తిరిగి లోపలికి వెళ్ళింది.

"సార్, ఆ శాంపిల్ పాడు కాలేదు. అది మా..."

"ఆగు." శ్రీధర్ కుర్చీ వెనక్కి నెట్టాడు. "పేరు చెప్పకు. ఆ నంబరు ఎవరిదో నాకు తెలియకూడదు. నీకు తెలిసినా తెలియనట్టు ఉండాలి. అలా ఉంటావనే కదా మేడం నిన్ను తీసుకుంది?"

"ఆమెకు పానం బాగలేదు సార్. కండ్లు కనవడ్తలేవంట."

"అయితే దవాఖానకి వెళ్ళమను. ఈ రిజల్ట్ మాత్రం నోటెంట రాకూడదు. తండాలో ఒక్కరికి చెబితే రేపు అందరూ అడుగుతారు. ఎవరూ రక్తం ఇవ్వరు. నేను అయిదేళ్ళుగా..." కిందికి చూస్తూ టేబుల్ మీది పెన్నులు సర్దాడు. కోదాడలో అతనితోపాటు చదివినవాళ్ళంతా ఉద్యోగాల్లో ఉన్నారు. ఈ ఏడు థీసిస్ ఇవ్వకపోతే ఫెలోషిప్ ఆగిపోతుందని ల్యాబులో అందరికీ తెలుసు.

"చెప్పకపోతే ఆమె మల్ల పొలంకే పోతది సార్."

"కోటు అక్కడ పెట్టు," అన్నాడు తలెత్తకుండా. "మేడం వచ్చేదాకా ల్యాబుకి రాకు."

కోటు విప్పి కొక్కేనికి తగిలించింది. మెట్లు దిగుతూ మేడంకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేస్తే స్విచాఫ్ అని వచ్చింది.

*

తెల్లవారి మొదటి బస్సుకు సూర్యాపేటలో ఎక్కి కోదాడలో దిగింది. అక్కణ్ణుంచి ఆటో మారి అనంతగిరి, ఆ తర్వాత నడక. తండాలో ఇళ్ళన్నిటికీ తాళాలే. అందరూ పొలాల్లో ఉన్నారు.

మిరపతోట ఇంకా కనిపించకముందే మందు వాసన గొంతులో పట్టుకుంది. వీపుల మీద పంపులతో మగవాళ్ళు సాళ్ళ మధ్య నడుస్తున్నారు. ముక్కులకు రుమాళ్ళు కట్టుకున్నారు. ముందు నడుస్తున్నది కమ్లి భర్త సేవ్యా. గట్టు మీద నీలం రంగు డ్రమ్ము ఉంది. దాని మీదికి వంగి ఉన్నది కమ్లి.

గాజులు పైకి నెట్టుకుని, చెయ్యి భుజందాకా డ్రమ్ములో పెట్టి కలుపుతోంది. కరగని పొడి ముద్దల్ని నీళ్ళలోనే వేళ్ళతో చిదుపుతోంది. అంతలో ఒకతను వచ్చి వీపు తిప్పి కూచున్నాడు. కమ్లి చెంబుతో ముంచి అతని పంపులో పోసింది. పొంగిన మందు ఆమె చేతుల మీదుగా కారింది. అతను లేచి వెళ్ళగానే చేతుల్ని లంగాకు తుడుచుకుని, అదే చేత్తో ముఖం మీది చెమట తుడుచుకుంది.

శోభ గట్టు మీదే ఆగిపోయింది.

రక్తాలు తీసిననాడు తెలుగూ లంబాడీ కలిపి తనే అడిగింది. 'ఫూఫీ, నువ్వు మందు కొడతవా?' వరుసలో ఉన్న ఆడవాళ్ళంతా నవ్వారు. 'మీ మామ అయితే రెండు రకాల మందూ కొడతడు, నేను ఒక్కటి గూడ కొట్ట' అంది కమ్లి. ఇంకా గట్టిగా నవ్వారు. తనూ నవ్వి, 'లేదంట సార్' అని శ్రీధర్‌కు చెప్పింది. అతను టిక్కు పెట్టాడు. తర్వాత మనిషిని పిలిచారు.

"ఏందే, కాలేజీ లేదా?" కమ్లి నడుము పట్టుకుని లేచింది. కళ్ళు చికిలించి చూస్తోంది, ఎదుట ఉన్నది మేనకోడలేనా అన్నట్టు.

"చెయ్యి కడుక్కో ఫూఫీ. ముందు కడుక్కో."

శోభ బిందె వంచి నీళ్ళు పోసింది. పోస్తూనే చెప్పింది. రంగు రాని గొట్టం గురించి, ఎంజైము అనే మాట వాడకుండా, తోచినట్టు చెప్పింది. మాటలు తడబడ్డాయి. కమ్లి వింటూ తడిచేతుల్ని దూరంగా పట్టుకుంది, అవి ఎవరివో అన్నట్టు.

సేవ్యా పంపుతోనే గట్టు ఎక్కి వచ్చాడు. "ఏమైంది? పని ఎందుకాగింది?"

"ఫూఫీ రక్తంల మందు ఎక్కింది మామా. ఆమె ఇగ ఇది ముట్టొద్దు."

"ఆమె కొట్టనే కొట్టదు. ఎట్లెక్కుతది?"

"చేత్తోని కలుపుతది కద మామా."

"గానాడు రక్తం తీస్తప్పుడు ఏం కాదన్నవ్. మీ సారుతోని వేలిముద్ర ఏపిచ్చుకున్నవ్. గిప్పుడొచ్చి పని బంద్ చెయ్యమంటవా?" సేవ్యా రుమాలు కిందికి లాగాడు. "గీ ముచ్చట నీకెప్పుడు తెల్సింది?"

"నిన్న."

"రక్తం ఎప్పుడు తీసినరు?"

శోభ చూపు డ్రమ్ము మీదికి పోయింది. రక్తాలు ఫ్రిజ్‌లో ఉన్నన్ని రోజులూ కమ్లి ఈ డ్రమ్ము దగ్గరే ఉంది.

"నేను సస్తనానే?" అంది కమ్లి, చిన్నగా.

"తెల్వది ఫూఫీ. దవాఖానకు పోదాం దా."

"సాళ్ళు సగం గూడ కాలే. ఎట్లొస్త?" కమ్లి ఖాళీ బిందె అందుకోబోయి వంగింది. వంగినది లేవలేదు. మోకాళ్ళ మీద కూలబడి, పొట్ట పట్టుకుని కక్కింది. నోటి నుంచి నీళ్ళు తీగలా సాగాయి. సేవ్యా బెల్టులు తెంచుకున్నట్టే లాగి పంపును కింద పడేశాడు.

*

కోదాడ దవాఖానలో డాక్టరు కుర్రవాడు. బయట వరుస గుమ్మం దాటింది. కమ్లిని బల్ల మీద కూచోబెట్టగానే అడిగాడు: "వాంతులు ఎప్పట్నించి? ఏం తిన్నది? పొలంలో మందు కొడుతుందా?"

"లే సార్," అన్నాడు సేవ్యా. "ఆడోళ్ళు కొట్టరు."

డాక్టరు తల ఊపి చీటీ మీద రాయడం మొదలుపెట్టాడు.

"కలుపుతది సార్." శోభ గొంతు గది బయటికి వినిపించింది. వెనక వరుసలోవాళ్ళు తొంగి చూశారు. "డ్రమ్ముల చెయ్యి పెట్టి కలుపుతది. పంపులు నింపుతది. అందరి మందు బట్టలు ఉతుకుతది. రక్తపరీక్షల గూడ ఎంజైము తక్కువొచ్చింది."

డాక్టరు కలం ఆపాడు. టార్చి తీసి కమ్లి రెప్పలెత్తి చూశాడు. నల్లగుడ్లు సూదిమొన అంత చిన్నగా ఉన్నాయి. ఆ తర్వాత అతను కూచోలేదు. నర్సును కేకేశాడు, ఇంజెక్షన్ పేరు చెప్పాడు, ముందు ఒంటి మీది బట్టలు తీసి సబ్బుతో కడగమన్నాడు.

స్నానాల గదిలో తెల్ల గాజులు ఎంత లాగినా రాలేదు. పెళ్ళినాడు వేసినవి, చెయ్యి లావైనాక మోచేతి కిందికి దిగవు. శోభ గుడ్డముక్కకు సబ్బు రాసి ఒక్కొక్క గాజు కింద దూర్చి లాగింది. తెల్లటి మురికి కారింది. కమ్లి అటువైపు తిరిగి గోడకు నుదురు ఆనించుకుని ఏడ్చింది. నొప్పికో, మేనకోడలి ముందు బట్టలు లేకుండా నిలబడినందుకో శోభకు తెలియలేదు.

సాయంత్రానికి ఊపిరి కుదురుకుంది. మంచం పక్కన సేవ్యా నేల మీద కూచుని ఉన్నాడు.

"ఎవరి పంపు వాళ్ళం నింపుకుంటే పని సాగదు," అన్నాడు ఎవరితోనో అన్నట్టు. "ఆమె చెయ్యి పడితే జల్ది అయితుండె."

*

గురువారం. సుమలత మేడం గది తలుపు వేసి ఉంది. లోపల శ్రీధర్ నిలబడి ఉన్నాడు, కూచోమన్నా కూచోలేదు. శోభ ఇంకో గోడ పక్కన నిలబడింది. రేపు మేడం హైదరాబాదు వెళ్ళాలి. టేబుల్ మీద ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. తెర మీద రెండు రంగుల గ్రాఫు, గీతలు చక్కగా విడివిడిగా ఉన్నాయి.

"ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్పు," అంది మేడం.

శోభ చెప్పింది. డ్రమ్ము దగ్గరికి వచ్చేసరికి తన కుడిచెయ్యి దానంతటదే కలుపుతున్నట్టు తిరిగింది. అది గమనించి చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

మేడం ల్యాప్‌టాప్‌ను తన వైపు తిప్పుకుంది. తర్వాత శ్రీధర్‌ని అడిగింది. "కంట్రోల్ గ్రూపులో ఆడవాళ్ళెందరు?"

"దాదాపు అందరూ ఆడవాళ్ళే మేడం. మగవాళ్ళలో మందు కొట్టనివాళ్ళు దొరకలేదు."

"మిర్యాలగూడ వైపు? మాడుగులపల్లి శాంపిళ్ళు?"

"అక్కడా అంతే."

"వాళ్ళలో మందు కలిపేదెవరు, పంపులు నింపేదెవరు, అడిగామా?"

"ఆ ప్రశ్న లేదు మేడం."

"ప్రశ్నలు రాసింది నేనే." ఆమె కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టింది. "కానీ శ్రీధర్, ప్రాణానికి ప్రమాదముందనిపిస్తే ఆ మనిషికి వెంటనే చెప్పాలని కూడా మనం రాసి సంతకాలు పెట్టాం. నువ్వూ పెట్టావు."

మేడం ఫోన్ తీసి హైదరాబాదుకు చేసింది. తను రేపు మాట్లాడటం లేదని, లెక్కలు మళ్ళీ చూడాలని, ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేనని పొడిపొడిగా చెప్పింది. ఆమె మాట్లాడుతున్నంతసేపూ శ్రీధర్ ఆ గ్రాఫునే చూస్తూ నిలబడ్డాడు.

"శోభా, నువ్వు నాకు చెప్పకుండా వెళ్ళావు."

"ఫోన్ చేసిన మేడం. రెండుసార్లు."

మేడం కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది. "చూశాను. మీటింగులో ఉండి తర్వాత చేద్దామనుకున్నాను." మళ్ళీ గొంతు గట్టిపడింది. "అయినా ల్యాబులో నువ్వింక పనిచెయ్యలేవు. నీకు నంబర్ల వెనక మనుషులు తెలుసు. ఆ పరీక్షల మీద నీ చెయ్యి ఉండకూడదు. ఇది శిక్ష అనుకోకు."

శిక్షలాగే ఉంది. శోభ తలూపి బయటికి వచ్చింది.

మెట్ల మీద శ్రీధర్ వెనకే వచ్చాడు. తిడతాడని ఆమె పక్కకు తప్పుకుంది. అతను రెండు మెట్లు దిగి, అక్కడే కూలబడినట్టు కూచున్నాడు. ముఖం రుద్దుకున్నాడు.

"మీ అత్త ఎలా ఉంది?"

"ఇంటికి తోలిచ్చిండ్రు సార్. కండ్లు ఇప్పుడు కనవడ్తున్నయంట."

"ఆవిడ పేరేంటి?"

శోభ అతని వైపు చూసింది. "కమ్లి."

"మిగతావాళ్ళందరికీ చెప్పాలి. అందర్నీ మళ్ళీ అడగాలి." అతను లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "నాకు లంబాడీ రాదు. వస్తావా?"

*

ఆదివారం శ్రీధర్, శోభ, ఐసు పెట్టె పట్టుకుని యాకోబు తండాలో దిగారు. కమ్లి ఇంటి ముందు మంచంలో కూచుని ఉంది. శ్రీధర్ దండం పెట్టాడు. ఆమె చెంబుతో గ్లాసులో నీళ్ళు పోసి అతనికిచ్చింది, శోభ ముఖం మాత్రం చూడలేదు.

"ఇంకా కోపమేనా ఫూఫీ?" అని లంబాడీలో అడిగింది శోభ.

"పొలం పోతనంటే వద్దంటివి. పొయ్యి దగ్గర ఒక్కదాన్ని కూసోబెడితివి." కమ్లి చెంబు తీసుకుంది. "సరేలే. పనేమన్న ఆగిందా? బక్కమ్మను పెట్టుకున్నరు."

"ఏ పనికి?"

"నా పనికే."

శ్రీధర్‌కు శోభ తెలుగులో చెప్పింది. అతను నీళ్ళు తాగకుండానే గ్లాసు కింద పెట్టాడు. ముగ్గురూ గట్ల వెంట మిరపతోట వైపు నడిచారు. సగం దూరం వెళ్ళాక వెనక అడుగుల చప్పుడైంది. కమ్లి కొంగు నడుముకు చుట్టుకుని వస్తోంది.

నీలం డ్రమ్ము మీదికి వంగి, పక్క ఊరి బక్కమ్మ చేత్తో మందు కలుపుతోంది. పంపు నింపుకోవడానికి వచ్చిన సేవ్యా వాళ్ళను చూసి చూపు దించుకున్నాడు. శోభ గొంతు సవరించుకుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. శ్రీధర్ కూడా ఆమె వైపే చూస్తున్నాడు.

కమ్లి వాళ్ళిద్దర్నీ దాటుకుని వెళ్ళి, బక్కమ్మ మణికట్టు పట్టుకుని చెయ్యి బయటికి లాగింది.

"అబ్బ, ఏందక్కా! పిలిస్తె వచ్చిన, నీ పని గుంజుకుందామని రాలే."

"పని గురించి కాదే. నా రక్తంల ఏమున్నదో ఈ పిల్ల వచ్చి చెప్పింది, బతికిన. నీకు ఎవరొచ్చి చెప్తరు?"

బక్కమ్మ నవ్వబోయి, కమ్లి ముఖం చూసి ఆగిపోయింది.

"ఎవరో ఒకరు కలపాలె కద," అన్నాడు సేవ్యా, గట్టు వైపు చూస్తూ.

"నువ్వు కలుపుకో. కట్టెతోని కలుపుకో. నీ పంపు నువ్వే నింపుకో. జల్ది కాకుంటే నిదానం కానియ్యి."

సాళ్ళలో పంపుల చప్పుడు ఒక్కొక్కటే ఆగింది. అందరూ ఇటే చూస్తున్నారు. సేవ్యా ఆగిన పంపుల వైపు ఒకసారి చూశాడు. తర్వాత బెల్టులు వదులు చేసి పంపు దించాడు. గట్టు మీది తుమ్మచెట్టు దగ్గరికి వెళ్ళి ఎండుకొమ్మ ఒకటి విరిచి, ముళ్ళు గీకడం మొదలుపెట్టాడు.

కమ్లి బిందెలో ఉన్న నీళ్ళన్నీ బక్కమ్మ చేతి మీద పోసింది. చాలలేదు. శ్రీధర్ భుజానికున్న సంచీ తీసి యాకోబుకిచ్చి, ఖాళీ బిందె అందుకుని బోరు వైపు నడిచాడు. బక్కమ్మ చెయ్యి చాపి అలాగే నిలబడింది. చీరకొంగు జారి మందునీళ్ళ మీద పడబోయింది.

కమ్లి అప్పుడు మేనకోడలి వైపు తిరిగింది.

"నిలబడి సూస్తవేందే? ఆమె కొంగు పట్టు. తడుస్తది."

శోభ ముందుకు వచ్చి కొంగు పట్టుకుంది.